పప్పు మిల్లులో మొగులమ్మ పిల్లులు

తాండూరులో మా పప్పు మిల్లుకు పొద్దున రెండు పిలుపులుండేవి. ఎనిమిదిన్నరకు మిల్లు కప్పు మీద సైరన్ మోగేది. అంతకు అరగంట ముందు మొగులమ్మ ఇనుప గరిటెతో సత్తు మూత మీద కొట్టేది. సైరన్‌కు హమాలీలు బీడీలు ఆర్పుకుంటూ, ఆవులిస్తూ, నింపాదిగా వచ్చేవారు. మూత చప్పుడుకు మాత్రం పద్నాలుగు పిల్లులు ఒక్క ఉదుటున వచ్చి నిలబడేవి. మిల్లులో హాజరుపట్టీ రాసే గుమాస్తాను నేనే కాబట్టి ధైర్యంగా చెప్పగలను: పిల్లుల్లో ఆలస్యంగా వచ్చింది ఒక్కటీ లేదు.

నా పేరు మత్తయ్య. వికారాబాదులో కాన్వెంటు బడిలో చదువుకున్నాను. ఇంగ్లీషూ అక్కడే వచ్చింది, అబద్ధాలూ అక్కడే వచ్చాయి. ఇంగ్లీషుకు సిస్టర్లు బహుమతులిచ్చారు, అబద్ధాలకు మోకాళ్ళ మీద నిలబెట్టారు. ఇప్పటికీ వికారాబాదు నుంచే రోజూ రైల్లో తాండూరు వచ్చి పోతాను. రైలు పెట్టెలో ముప్పావుగంట సేపు ఎటూ పారిపోలేని శ్రోతలు దొరుకుతారు. నవాబుపేట పిల్లి ఒకటి టికెట్ లేకుండా కర్ణాటకలోని వాడి జంక్షన్ దాకా పోయి, మూడు నెలలు ఉండి, కన్నడం నేర్చుకుని తిరిగి వచ్చిందనీ, ఆ తర్వాత తెలుగులో పిలిస్తే పలకలేదనీ నేను చెబితే, సగం పెట్టె నవ్వింది, మిగతా సగం నమ్మింది. ఆ నమ్మిన సగం కోసమే నేను కథలు చెప్పేవాణ్ణి.

మొగులమ్మది బంట్వారం దగ్గర చిన్న ఊరు. పదహారేళ్ళకు ఎంకయ్యను పెళ్ళాడి తాండూరు వచ్చింది. ఎంకయ్య మా మిల్లులో హమాలీ. ఆమె జల్లెడ దగ్గర పని చేసేది. పద్దెనిమిదేళ్ళ కింద ఒక వానాకాలం, గోదాములో తడిసిన బస్తాల నెట్టు జారి ఎంకయ్య మీద పడింది, మనిషి దక్కలేదు. కూతురు మహేశ్వరి అప్పటికే పెళ్ళయి కుల్కచర్లలో ఉంది. అప్పటి యజమాని శంకరప్ప పటేలు గేటు పక్క గదిని మొగులమ్మకు ఇచ్చి, ఊడ్చే పని చూసుకొమ్మన్నాడు. ఆ ఏడే ఎలుకలు గోనెల్ని కొరికి నాశనం చేస్తుంటే, ఆయనే ఎక్కణ్ణుంచో ఒక చూలు పిల్లిని సంచిలో వేసుకొచ్చి గోదాములో వదిలాడు. తర్వాత పటేలుకు మళ్ళీ పిల్లిని కొని తేవలసిన అవసరం రాలేదు.

ఎలుకలతోనే పిల్లి కడుపు నిండుతుందని అందరం అనుకున్నాం. మొగులమ్మ అనుకోలేదు. చికెన్ సెంటర్ వాళ్ళు పారేసే తలకాయలు, కాళ్ళు పాత రంగు డబ్బాలో తెచ్చి, ఊడ్చిన నూకలతో కలిపి, చిటికెడు పసుపు వేసి ఉడికించేది. ఆ కుండ పొయ్యి మీదుంటే నా ఆఫీసు గది కిటికీ మూసుకోవలసి వచ్చేది. పిల్లులకు పేర్లు పెట్టడంలో ఆమె పెద్దగా శ్రమ పడలేదు. కుంటిది, బూడిదది, చెవి తెగినది, నామాలది. నుదుటి మీద మూడు తెల్ల గీతలున్నందుకు నామాలది. ఒక దొంగ గండుపిల్లికి మాత్రం నా పేరు పెట్టిందని హమాలీలు అంటారు. నేను ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒప్పుకోలేదు.

ఇన్నేళ్ళలో ఆమె ఒక్క పిల్లినీ ఒళ్ళో కూర్చోబెట్టుకోగా చూడలేదు. ఒకసారి అడిగాను.

"ముద్దు జేస్తే మనిషిని నమ్ముతయ్ సారూ," అంది. "రోడ్డు మీద బండల లారీలు, గల్లీల కుక్కలు. మనిషిని నమ్మిన పిల్లి ఎక్కువ దినాలు బత్కది."

మొన్నటి వానాకాలానికి మిల్లు శంకరప్ప పటేలు కొడుకు శ్రీహరి చేతికి వచ్చి రెండేళ్ళయింది. చెడ్డవాడు కాదు. కొత్త మిషన్లు తెచ్చాడు, హైదరాబాదులో పెద్ద కొనుగోలుదారుల్ని పట్టాడు. వాళ్ళు శాంపిల్ తీసుకుపోయి, అందులో పిల్లి వెంట్రుక దొరికిందని ఫోటో పంపారు. పప్పుకు పురుగు పట్టకుండా గోదాములో మందు గోళీలు పెట్టించాలనీ, ఆ తర్వాత లోపల ఏ జంతువూ కనపడకూడదనీ షరతు పెట్టారు. శ్రీహరి మొగులమ్మను పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"అవ్వా, పిల్లులను గోదాములకెల్లి ఎల్లగొట్టాలె."

"ఎల్లగొడితే పోతయా పటేలా? అవేమన్న కౌలుదార్లా?"

"నన్నేం జెయ్యమంటవ్? శాంపిల్ల ఎంటిక దొరికింది."

"నాదేమో."

"తెల్లగున్నది అవ్వా."

"నాదీ తెల్లగనే ఉన్నది."

శ్రీహరి నవ్వు ఆపుకోలేకపోయాడు. "నెల రోజులిస్త. ఆ తర్వాత గోళీలు పెట్టేటోళ్ళు వస్తరు. పరదాలు కప్పి, తలుపులు మూసి, వారం రోజులు తెరవరు. లోపల ఏదున్నా బత్కదు. ముందే చెప్తున్న."

"ఎల్లగొట్టను. నేనే తీస్కపోత," అంది మొగులమ్మ.

మిల్లు వెనక గోడ అవతల ఒక బండల పాలిషింగు కార్ఖానా ఉంది. మూతబడి చాలా ఏళ్ళయింది. సగం కప్పు ఇంకా నిలబడి ఉంది, కింద బండలు పేర్చి ఉన్నాయి. పిల్లులకు అదే చోటని ఆమె తేల్చుకుంది. రోజూ అన్నం పళ్ళెం పెట్టే చోటును పది అడుగులు జరుపుతూ పోయింది. మొదటి రోజు గోదాము గుమ్మంలో, మర్నాడు మెట్ల కింద, ఆ మర్నాడు కాంటా దగ్గర. పిల్లులకు అనుమానం రాకుండా ఊరు మార్చడమన్న మాట. మూడు వారాలు గడవకముందే పదమూడు పిల్లులు బండల మీదే తిని, బండల మధ్యే పడుకోవడం మొదలుపెట్టాయి. నలభై ఏళ్ళుగా మనుషుల్ని హాజరుపట్టీలో పెడుతున్న నేను అంత నేర్పుగా ఒక్క మనిషిని కూడా కదిలించలేదు.

పద్నాలుగోది నామాలది. అది వచ్చేది, గబగబా తినేది, మాయమైపోయేది. కడుపు జారి ఉంది. మొగులమ్మ దాని వెంటే పోయి చూసింది. గోదాములో మూడో నెట్టుకూ గోడకూ మధ్య సందులో నాలుగు పిల్లలు. ఇంకా కళ్ళు తెరవలేదు. గోళీలు పెట్టడానికి పదకొండు రోజులున్నాయి.

అప్పుడు టీ వేళ. హమాలీల మేస్త్రీ జంగప్ప, అతని మనుషులు ఐదారుగురు నా చుట్టూ ఉన్నారు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సారూ, నామాలది లోపటనే ఈనింది. గంపల ఏసుకొని బండల కాడికి తీస్కపోదామనుకుంటున్న. పిల్లలను ముట్టొచ్చునా?"

ఆమె నన్ను అన్నీ అడిగేది. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి, రేషన్ కార్డులో ఏం రాశారు, ఇవాళ తేదీ ఎంత. తెలియదని నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చేతిలో వేడి టీ ఉంది, ఎదురుగా ఆరుగురు శ్రోతలున్నారు.

"ముట్టినవా, ఆగమైతవ్ మొగులమ్మా," అన్నాను. "పిల్లి తన పిల్లలకు ఏడిండ్లు చూపిస్తది, ఎరుకేగద? ఆ ఏడిండ్లు తిరిగేదాంక మనిషి చెయ్యి తగులొద్దు. తగిలితే తల్లే తినేస్తది. నవాబుపేటల మా మేనత్త ఒక్కదాన్ని ఇట్ల వేలుతో ముట్టింది, అంతే. తెల్లారి చూస్తే పిల్లలు లేవు, తల్లి మూతి ఎర్రగున్నది. అప్పటికెల్లి మూడేండ్లు ఆ ఇంట్ల పాలు కాస్తే విరుగుడే."

నాకు నవాబుపేటలో మేనత్త లేదు. ఎక్కడా లేదు.

ఏడిళ్ళ మాట మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని దాని వెనక తగిలించిన అబద్ధం కూడా నిజంతో పాటే గేటు దాటిపోయింది. "అవునక్కా, మా అవ్వ గూడ చెప్పేది," అన్నాడు జంగప్ప. వాళ్ళ అవ్వ ఏం చెప్పిందో వాడికీ తెలిసి ఉండదు. మొగులమ్మ తన రెండు చేతులూ కాసేపు చూసుకుంది.

"గట్లనా," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె ఇళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండు రోజుల్లో ఏడిళ్ళు కావాలి. నామాలది రెండోనాడే పిల్లల్ని నోట కరుచుకుని ఖాళీ గోనెల కుప్పలోకి మార్చింది. అది రెండో ఇల్లు. మూడోది మోటారు గది. అక్కడ మూడు రోజులు కదలకుండా కూర్చుంది. మొగులమ్మకు అన్నం సహించలేదు.

"మోటరు గది నచ్చినట్టున్నదక్కా," అన్నాడు జంగప్ప. "కరెంటు బిల్లు గూడ లేకపాయె."

"నోర్మూయ్‌రా. నీ లెక్క తిని పండే జాతి కాదది. బాలింత."

నాలుగో ఇల్లు విరిగిన కాంటా వెనక. ఐదోది పైన చెక్కల అటక. పిల్లల కళ్ళు తెరుచుకున్నాయి. ఒకటి తల్లిలాగే నామాలది, మూడు బూడిదవి. ఆమె దూరం నుంచే తొంగి చూసి వచ్చి నాకు చెప్పేది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని చూసేది, పొరపాటున కూడా తగలకూడదని. అలా నిలబడ్డ ఆమెను చూసి నేను రెండు మూడుసార్లు నవ్వుకున్నాను కూడా.

గోళీలు పెట్టే రోజు శుక్రవారం. గురువారం మధ్యాహ్నం నామాలది పిల్లల్ని అటక దింపి, గోదాము దాటించి, బయట పొట్టు గదిలో పెట్టింది. ఆరో ఇల్లు. మొగులమ్మ దాదాపు పరుగున వచ్చింది.

"సారూ, బయటికొచ్చినయ్! ఇంక ఒక్క ఇల్లే ఉన్నది. ఇప్పుడు గంపల ఏసుకొని నేనే బండల కాడికి తీస్కపోతే అదే ఏడో ఇల్లు కాదా?"

ఆ ఒక్క నిమిషం నాకు ఇప్పటికీ పూర్తిగా గుర్తుంది. తీసుకుపొమ్మంటే అయిపోయేది. గంప ఆమె చంకలోనే ఉంది. కానీ జంగప్ప పక్కనే నిలబడి నా మొహం చూస్తున్నాడు. అందరి ముందూ నా మాట నేనే వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు.

"ఆరిండ్లు ఓపిక పట్టి ఏడో దాని కాడ చెడగొట్టుకుంటవా?" అన్నాను. "బయటనే ఉన్నయి గద, ఫికర్ ఎందుకు? రేపు అదే తీస్కపోతది."

గంప కింద పెట్టింది.

శుక్రవారం పొద్దున్నే, నా రైలు ఇంకా తాండూరు చేరకముందే, పశువుల దాణా కోసం పొట్టు కొన్నవాళ్ళ లారీ వచ్చింది. గేటు చీటీ రాసి పెట్టింది నేనే. అది ఆ రోజే వస్తుందన్నది నాకు తట్టలేదు. కూలీలు పారలతో పొట్టు ఎత్తుతుంటే నామాలది బెదిరిపోయి, ఒక్కొక్క పిల్లనే కరుచుకుని పరుగెత్తింది. ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. మొగులమ్మ ఆ వేళ బండల దగ్గర పదమూడింటికి అన్నం పెడుతోంది.

పదింటికి గోళీల మనుషులు మూతులకు మాస్కులు కట్టుకుని దిగారు. శ్రీహరి, "అవ్వా, అన్నీ బయటున్నయా? ఒక్కసారి చూడు," అన్నాడు. మొగులమ్మ బండల మీద నిలబడి మూత మళ్ళీ వాయించింది. పదమూడు తలలు లేచాయి. కాసేపటికి గోడ మీద నుంచి నామాలది కూడా దూకింది. ఆమె పొట్టు గదికి పోయి చూసింది. గది ఖాళీ. పిల్లలు లేవు. నవ్వుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఏడో ఇల్లు అయిపోయింది సారూ. పిల్లలను బండల సందుల్ల ఎక్కడనో దాసింది."

"నువ్వు చూసినవా?"

"అది చూపిస్తదా? దాస్తది గని."

నేను శ్రీహరి వైపు తల ఊపాను. గోళీలు పెట్టారు. నెట్ల మీద పరదాలు కప్పి, అంచుల మీద ఇసుక నింపిన పొడుగాటి సంచులు పరిచారు. షట్టర్ దించి, సందుల్లో మట్టి మెత్తారు. పుర్రె బొమ్మ ఉన్న కాగితం అంటించి వెళ్ళిపోయారు.

మూడు గంటలకు నామాలది షట్టర్ దగ్గరికి వచ్చింది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. తర్వాత అరవడం మొదలుపెట్టింది.

అది ఎందుకు అరుస్తోందో మొగులమ్మకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. శ్రీహరి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పటేలా, ఒక్కసారి తెరిపియ్యి. నేను పోయి తీస్కొస్త. ముక్కుకు గుడ్డ కట్టుకుంట."

శ్రీహరి ఆ మనుషులకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు, ఆమె కూడా వినాలని. గోళీల విషగాలి ఇప్పటికే లోపలంతా పాకిందనీ, తెరిస్తే మనుషులు పోతారనీ, లోపల ఉన్నవి ఇప్పటికే పోయి ఉంటాయనీ అటునుంచి ఒకాయన విసుగ్గా చెప్పాడు.

"ఇన్నవు గద అవ్వా. నా చేతుల ఏం లేదు."

మొగులమ్మ లేచి వెళ్ళింది. ఆ సాయంత్రం నేను రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. "ఏం తాతా, పిల్లి తెలుగు మాట్లాడిందా మళ్ళ?" అని ఎవరో అడిగారు. నిద్ర నటించాను.

శని, ఆది వారాలు మిల్లుకు సెలవు. సోమవారం వచ్చేసరికి నామాలది గొంతు బొంగురుపోయింది. నోరు తెరుస్తోంది, శబ్దం సగమే వస్తోంది. మొగులమ్మ షట్టర్‌కు కొంచెం దూరంలో గోడ నీడన కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో పాలు. అది ముట్టలేదు. నేను వెళ్ళి ఒక బండ మీద కూర్చున్నాను.

"మొగులమ్మా, నాకు నవాబుపేటల మేనత్త లేదు."

ఆమె తల తిప్పలేదు.

"ముడితే తింటదన్నది గూడ ఉత్తదే. నవ్వుతందుకు అన్న. గురువారం నాడు గూడ ఉత్తదని చెప్పలేకపోయిన, జంగప్ప ఉన్నడని."

పాల గిన్నెను నామాలది వైపు ఇంకొంచెం జరిపింది. తర్వాత మెల్లగా అంది. "మా అమ్మ పిల్లి పిల్లలను కొంగుల ఏసుకొని తీస్కపోయేది సారూ. ఒక్క తల్లీ తినలే. చిన్నప్పుడు నేను గూడ మస్తు ఎత్తుకున్న."

"మరి నన్నెందుకు అడిగినవ్?"

"నువ్వు సదువుకున్నోనివి. సిస్టర్ల కాడ ఇంగిలీషు సదివినవు. నేను కండ్లార చూసిందే తప్పేమో అనుకున్న."

ఆమె గొంతులో కోపం వెతికాను. దొరకలేదు. కోపముంటే కనీసం దానికి జవాబు చెప్పుకునేవాణ్ణి.

తర్వాతి శుక్రవారం గోదాము తెరిచారు. పొద్దునంతా తలుపులు బార్లా తీసి, ఫ్యాన్లు పెట్టి గాలి మార్చారు. మధ్యాహ్నానికి లోపలికి పోవచ్చన్నారు. పరదాలు తీస్తుంటే మూడో నెట్టు వెనక, అవి పుట్టిన సందులోనే, నాలుగూ కనపడ్డాయి. ఏడో ఇల్లుగా తల్లి మళ్ళీ మొదటి ఇంటికే వచ్చింది. జంగప్ప పార తెచ్చాడు.

"పార వద్దు," అంది మొగులమ్మ.

నాలుగింటినీ చేతులతోనే ఒక్కొక్కటిగా తీసి గోనె ముక్క మీద పడుకోబెట్టింది. ఎండిపోయి, బరువు లేకుండా ఉన్నాయి. పెద్దగా ఉన్న బూడిద పిల్ల మీద అంటిన పప్పు పొడి తుడిచింది.

"పాతిపెడ్దాం తే అక్కా," అన్నాడు జంగప్ప.

"ఆగు. తల్లికి చూపియ్యాలె."

"పిల్లికేం తెలుస్తదక్కా?"

"మా ఆయన మొఖం నాకు చూపియ్యలేదురా మీరు. గుడ్డ కప్పిండ్రు. రెండేండ్లు బజార్ల పోయేటోళ్ళ మొఖాలన్నీ చూసుకుంట తిరిగిన. చూస్తే ఎతుకుడు ఆగుతది."

జంగప్ప పార పక్కన పెట్టేశాడు. ఆనాడు ఎంకయ్య మీది బస్తాలెత్తిన వాళ్ళలో అతనూ ఉన్నాడు.

ఆమె గోనె ముక్కను గుమ్మంలో పరిచి, రెండడుగులు వెనక్కి జరిగి కూర్చుంది. నామాలది వచ్చింది. వారంలో సగమైపోయింది. పాలు ఎండిపోయి రొమ్ములు వేలాడుతున్నాయి. మెడ చాచి మొదటిదాన్ని వాసన చూసింది. వెంటనే తుమ్మి, తల విదిలించి వెనక్కి తగ్గింది. గోళీల ఘాటు ఇంకా పోలేదు. రెండోదాన్ని చూసింది. మూడోదాన్ని చూడనే లేదు. అది తన పిల్లల వాసన కాదు. మా కాళ్ళ మధ్య నుంచి దూరి గోదాములోకి పరుగెత్తింది.

లోపల ఒక నెట్టు వెనక నుంచి ఇంకో నెట్టు వెనక్కి పోతూ, పోయిన గొంతుతోనే పిలుస్తోంది. ఆగుతుంది, చెవులు నిక్కించి వింటుంది, మళ్ళీ పిలుస్తుంది. శ్రీహరి ఆఫీసు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు కానీ గేటు బయట సరుకు కోసం నిలబడ్డ లారీని లోపలికి పిలవలేదు.

"లోపటికి పోయిందక్కా," అన్నాడు జంగప్ప. "పట్టుకొని బయటేసి షట్టర్ ఎయ్యాల్నా?"

పాత అలవాటు చొప్పున అందరూ నా వైపు చూశారు, ఏం చెబుతానోనని. మొగులమ్మ చూడలేదు. గోనె ముక్కను నాలుగు వైపుల నుంచీ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎయ్యకు," అంది. "మూలమూలా చూసుకోనీ."